కిందపడితే పేలుతదా?

పోయిన గురువారం మా మర్రిగూడలో పెళ్లి. అక్షింతలు వేయడానికి నాయకుడొకాయన వచ్చాడు. వెనకాల సఫారీ తొడుక్కున్న గన్‌మన్. మావాళ్లకు గన్‌మన్‌లు కొత్త కాదు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఈ మండలంలో చుట్టాలకంటే వాళ్లే ఎక్కువ తిరిగారు. భోజనాల దగ్గర తోపులాటలో ఆయన సఫారీ అంచు పైకి లేచింది. నా పక్కన కూర్చున్న మా చెల్లె మనవరాలి కంట్లో నల్లటి పిడి పడింది.

"తాతా, ఆయన జారి కిందపడితే అది పేలుతదా?"

"పేలదు బిడ్డా."

"ఎందుకు పేలదు?"

నాకు జవాబు రాలేదు. రాకపోగా చిరాకు వచ్చింది. పాప మీద కాదు, పేపర్ల మీద. తుడుస్తుండగా పేలిందట, డ్యూటీ దిగి అప్పగిస్తుండగా పేలిందట, జీపు ఎక్కుతుండగా పేలిందట. అన్ని వార్తల్లోనూ తుపాకే నేరస్థురాలు. పట్టుకున్న చెయ్యి ఏం చేస్తోందో ఎవరూ రాయరు. ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పిచ్చి తెలిసిందే: గడియ మీద గడియ ఉండాలంటాను. బోరు స్టార్టర్ డబ్బాకు తాళం, పడుకునేముందు గ్యాసుబండ రెగ్యులేటర్ కట్టేయడం, గేటుకు లోపల ఒకటి, బయట ఒకటి. పిస్తోలుకు నాలుగు గడియలు పెట్టించండి, ప్రమాదాలు వాటంతటవే ఆగుతాయని ఈ వారం రాద్దామనుకున్నాను. రాసేముందు మా మేనమామను అడగడం మంచిదనిపించింది. ఆయన నల్లగొండ సాయుధ రిజర్వు (ఏఆర్)లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయాడు. ఆయుధాల గది 'బెల్ ఆఫ్ ఆర్మ్స్'లో తుపాకులు ఇస్తూ, తీసుకుంటూ చాలా ఏళ్లు గడిపిన మనిషి.

మామ పెళ్లి పత్రిక వెనక్కి తిప్పి బొమ్మ గీశాడు. మన పోలీసులు ఏళ్ల తరబడి వాడిన తొమ్మిది ఎంఎం పిస్తోలు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. అసలు నమూనా బ్రౌనింగ్ హై పవర్, 1935 నాటిది. దానికి ఎడమ పక్కన బొటనవేలికి అందేటట్టు చిన్న మీట. హ్యామర్ వెనక్కి లాగి ఉన్నప్పుడు ఆ మీట పైకి నూకితే లోపల హ్యామర్‌ను పట్టుకునే ముక్క బిగుసుకుంటుంది, పైన స్లైడు కదలదు. రెండోది, హ్యామర్‌కు సగంలో ఒక గాడి. లాగేటప్పుడు బొటనవేలు జారితే హ్యామర్ పూర్తిగా పడకుండా ఆ గాడి దగ్గర ఆగాలి. మూడోది నాకు కొత్త. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు.

"ఇదేదో బాగుంది మామా" అన్నాను.

"అదే కొంప ముంచేది అల్లుడా. మ్యాగజైన్ తీసిండు, ట్రిగ్గర్ నొక్కిండు, పేలలే. ఖాళీ అనుకుంటడు. గొట్టంల తూటా అట్లనే ఉంటది. మళ్ల మ్యాగజైన్ పెట్టి నొక్కితే?"

అందుకే 'ఖాలీ కర్' అని ఆర్డర్ పడితే మ్యాగజైన్ తీయడంతో పని అయిపోదు. స్లైడు లాగి, గొట్టంలో వేలు పెట్టి తడిమి చూడాలి. చీకట్లో కూడా వేలు అబద్ధం చెప్పదంటాడు మామ. మరి పాప ప్రశ్న? ఆ పాత నమూనాలో కాల్పు సూదిని అడ్డుకునే కట్ట వేరే లేదు, ఒక్క స్ప్రింగే ఉంటుంది. గొట్టంలో తూటా ఉండి, మొన కిందికి పెట్టుకుని ఎత్తు నుంచి సిమెంటు మీద పడితే సూది తన బరువుకే ముందుకు దూకి తూటాను తాకొచ్చు. ఎప్పుడో ఒకసారే అట్లా జరుగుతుంది గానీ జరగనే జరగదని ప్రమాణం చేయలేం.

మామ మాటల మధ్యలో మా తాత భర్మారు గుర్తుకొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

పంట కాపలా లైసెన్సు మీద తీసుకున్న ముందునుంచి కూరే తుపాకీ అది. అడవిపందులు వేరుశనగ చేనులో పడితే తెల్లారేసరికి చేను దున్నినట్టుంటుంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తాత సాయంత్రం మంచె ఎక్కేముందు గొట్టంలో తుపాకీమందు పోసేవాడు, పైన గుడ్డపీలిక కుక్కేవాడు, ఇనుప చువ్వతో కూరేవాడు, ఆ మీద సీసపు గుళ్లు, మళ్లీ పీలిక. అంతా అయ్యాక తుపాకీని గుడిసె మూలకు ఆనించి బీడీ ముట్టించేవాడు. నాకు గుండె దడదడలాడేది. మందు కూరిన తుపాకీ, పక్కన నిప్పు!

తాత నవ్వి నడుముకున్న తోలుతిత్తి తట్టేవాడు. రాగి టోపీలు అందులో ఉండేవి. హ్యామర్ కొట్టేది ఆ టోపీనే. అది చిట్లితేనే నిప్పురవ్వ లోపలి మందుకు అంటుకుంటుంది. పంది అలికిడి వినపడ్డాకే టోపీ తీసి తుపాకీ మీది మొలకు తొడిగేవాడు. అంతవరకూ ఆ తుపాకీ ఎవరి చేతికి చిక్కినా కట్టెతో సమానం. హ్యామర్‌ను సగం ఎత్తి నిలిపే గాడి దానికీ ఉంది. తాత దాన్ని ఒక్కనాడూ నమ్మలేదు. ఏళ్ల తరబడి అరిగి, కమ్మరి ఆకురాయి తిని, ఆ గాడి నున్నగా అయిపోయిందని ఆయన లెక్క.

ఆ జాగ్రత్త ఆయనకు పందుల వల్ల రాలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగిన తర్వాత, 1947 సెప్టెంబరులో నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు వచ్చిన తర్వాత, నల్లగొండ పల్లెల్లో వడిసెలల పక్కన చేరిన తుపాకుల్లో చాలామటుకు ఇట్లాంటి భర్మార్లే. గడీల్లోంచి లాక్కొచ్చినవి, పటేళ్ల ఇళ్లలో దొరికినవి. తుపాకీ ముట్టని చేతులకు ఒక్కసారిగా తుపాకులొచ్చాయి. శత్రువు కంటే పక్కవాడి భర్మారుకే ఎక్కువ భయపడ్డామని తాత చెప్పేవాడు. టోపీ వేరుగా పెట్టుకోవడం ఆయన ఆ రోజుల్లో నేర్చిందే.

సరే, ఇప్పటి పిస్తోళ్ల దగ్గరికి వద్దాం. మా తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండిన మామూలు మనుషులు పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకు తిరగొచ్చు. వాడూ ఒకటి కొన్నాడు, అరచేతిలో ఇమిడే గ్లాక్. వీడియో కాల్‌లో చూపిస్తుంటే మీట కోసం వెతికాను. లేదు! మన సినిమాల్లో హీరో గ్లాక్ తీసి 'టక్'మని సేఫ్టీ తీస్తాడు కదా, ఆ టక్ అంతా డబ్బింగ్ థియేటర్లో పుట్టిందే.

మీట లేదు గానీ గడియలు మూడున్నాయి. ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక. దాని మీద సూటిగా ఒత్తిడి పడితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. పైన కాల్పు సూదికి అడ్డంగా ఒక కట్ట. మామ గీసిన పాత పిస్తోలులో లేనిది ఇదే. ఇంకోటి, కిందపడ్డ అదురుకు సూది జారకుండా ట్రిగ్గర్ కడ్డీని గాడిలో పట్టి ఉంచే ఏర్పాటు. ట్రిగ్గర్ నొక్కుతుంటే మూడూ వరసగా విడిపోతాయి, వదిలితే మళ్లీ పడతాయి. మన కాన్పూర్‌లో 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన సుమారు అరకిలో బరువున్న రివాల్వర్ 'నిర్భీక్' ధోరణి వేరు. పాత ఇంగ్లిషు వెబ్లీ రివాల్వర్ల వంశం. దానికి ముఖ్యమైన గడియ పొడవైన, బరువైన ట్రిగ్గరే.

ఇక్కడ నా నాలుగు గడియల సిద్ధాంతం కూలబడింది. గడియలన్నీ కిందపడటానికీ, కుదుపుకూ అడ్డం. ట్రిగ్గర్‌కు మాత్రం దాసోహం. ట్రిగ్గర్‌కు వేలికీ, చొక్కా అంచుకూ, జర్కిన్ తాడుకూ తేడా తెలియదు. మీట ఉన్న పిస్తోలుతో వేరే చిక్కు. మీట వేశాననే ధీమాతో వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది. దాచి తిరిగే పిస్తోలుకు అసలు సేఫ్టీ దాని బయట ఉంది: ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే బిగువైన హోల్‌స్టర్. మన 2016 ఆయుధాల నిబంధనలు కూడా పిస్తోలును బయట తిప్పాలంటే దానికోసం చేసిన ఒర లాంటి దాంట్లో ఉండాలంటాయి. హీరోల్లాగా వెనక నడుములో దోపుకోవడానికి అవి ఒప్పవు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి, లేకపోతే పేపర్లకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. సిగ్ పి320 అనే పిస్తోలు కొన్ని కోణాల్లో కిందపడితే పేలుతోందని 2017లో పరీక్షల్లో తేలి, కంపెనీ లోపలి భాగాలు మార్చి ఇచ్చింది. ఆ తర్వాత కూడా ట్రిగ్గర్ ముట్టకుండానే పేలిందని కేసులు పడ్డాయి. 2024లో జార్జియా, ఫిలడెల్ఫియా జ్యూరీలు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పులిచ్చాయి. ట్రిగ్గర్ నొక్కందే పేలదని కంపెనీ ఇప్పటికీ అంటోంది. అంటే కొన్నిసార్లు చెయ్యి నిర్దోషి కావచ్చు.

అట్లాంటప్పుడు గడియల తయారీ మీద కాదు, గొట్టం ఖాళీగా ఉండటం మీదే నా నమ్మకం. మ్యాగజైన్ పెట్టుకో, గొట్టంలో తూటా వద్దు, అవసరం పడితే స్లైడు లాగు. మామ డ్యూటీ అంతా ఇట్లాగే నడిచింది. ఇజ్రాయెల్ పద్ధతి అని ప్రపంచమంతా పిలిచేదీ ఇదే. వీడియో కాల్‌లో ఉన్న మా డాలస్ అబ్బాయి ఒప్పుకోడు. "పెద్దనాయనా, ఒక చెయ్యి ఖాళీ లేకపోతే స్లైడు ఎట్ల లాగుతరు? ఆ ఒక్క సెకనే కదా ప్రాణం?" డాలస్ సంగతి వాడికే తెలియాలి. ఫంక్షన్‌హాల్లో నాయకుడి వెనక, పిల్లల మధ్య నిలబడే గన్‌మన్‌కు మాత్రం ఆ ఒక్క సెకను ఆలస్యమే నాకు ఇష్టం.

పక్కనే ఉన్న మామ ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఏం రా, ఇంట్ల చిన్నపిల్లగాడున్నడు గదా, రాత్రి అది యాడ పెడ్తవ్?"

"లాకర్ల పెడ్త తాతా. తూటా తీసే పెడ్త."

"మరి పగటిపూట పిల్లగాడు ఏడికి పోతడు?"

వాడు ఆఫీసు మీటింగ్ ఉందని ఫోన్ పెట్టేశాడు.