సమానం గుర్తు దగ్గర ఆగే పుస్తకం

8 + 4 = □ + 5. ఆ డబ్బాలో ఏ సంఖ్య రావాలి? ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ వారం ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి. ఏ సాయమూ చేయకండి. పక్కన కూర్చుని పెన్సిల్ ఎటు పోతోందో గమనించండి, చాలు. చాలామంది 12 రాస్తారు. కొందరు కంటికి కనిపించినవన్నీ కూడేసి 17 అంటారు. అమెరికాలో ఫాక్నర్, లీవై, కార్పెంటర్ అనే ముగ్గురు పరిశోధకులు 1999లో రాసిన వ్యాసం ప్రకారం, ఈ లెక్కకు జవాబు రాసిన ఆరో తరగతి పిల్లలు 145 మందీ 12 అనో 17 అనో రాశారు. 7 అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లకు కూడిక రాదని కాదు. ఒకటో తరగతి నుంచీ సమానం గుర్తు వచ్చిందంటే ఇక జవాబు రాసేయాలన్నదే అలవాటయింది. అటూ ఇటూ ఉన్న రెండూ ఒకే విలువ అని ఆ గుర్తు చెబుతోందని వాళ్లకు ఎవరూ ఆగి చూపించలేదు. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును తొలిసారి అచ్చులో వాడినప్పుడు, రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి ఇంకేముంటాయని కారణం చెప్పుకున్నాడు. ఆ కారణం మన పిల్లల నోటుపుస్తకాల దాకా రాలేదు. 5 + 3 = 8 × 2 = 16 – 4 = 12 అని ఒకే వరసలో రాసుకుంటూ పోయే పిల్లలు ఎంతమందో. చివరి జవాబు సరైనదే కాబట్టి టిక్కు పడుతుంది. 5 + 3, 8 × 2 కి సమానమని రాశారన్న సంగతి మాత్రం అలాగే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత సమీకరణాలు మొదలైనప్పుడు, అటువైపు ఉన్నది ఇటు తెస్తే గుర్తెందుకు మారుతుందో ఆ పిల్లలకు అంతుపట్టదు.

అందుకే ప్రీ ఆల్జీబ్రా వర్క్‌బుక్ చేతికి తీసుకోగానే నేను ముందు వెతికేది ఇదే: ఈ పుస్తకం బిడ్డను సమానం గుర్తు దగ్గర కాసేపు ఆపుతుందా, లేదా? అట్ట మీద ఏ తరగతి అని ఉంది, లోపల ఎన్ని వేల లెక్కలున్నాయి అన్నవి ఆ తర్వాతే.

మా ఇల్లు హైదరాబాద్ రాంగోపాల్‌పేట్‌లో. మా అమ్మాయికి పన్నెండేళ్లు. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుంటోంది. మన దగ్గర ప్రీ ఆల్జీబ్రా అనే సబ్జెక్టు విడిగా లేదు. ఆ పేరు అమెరికాలో ఉన్న బంధువుల పిల్లల నోట వింటాం. అందులో ఉండేది మాత్రం మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లో పరుచుకుని ఉంది: పూర్ణసంఖ్యలు, భిన్నాలు, నిష్పత్తి, బీజీయ సమాసాలు, సామాన్య సమీకరణాలు. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు వాటిని ఏరుకుని ఒక వరసలో పెట్టుకోవాలి. పరీక్ష గురించి బెంగ అక్కర్లేదు. పద్నాలుగేళ్లు నిండితే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్‌లో నేరుగా పదో తరగతి స్థాయికి చేరవచ్చు. అంటే పన్నెండేళ్ల బిడ్డకు చేతిలో తీరిక ఉంది. ఆ తీరికను దేనికి ఖర్చుపెడతామన్నదే అసలు విషయం.

ఈ ఊళ్లో ఆ తీరికను ఎవరూ ఉండనివ్వరు. లిఫ్టులో కనిపించినప్పుడల్లా పైఫ్లోర్ పెద్దాయన ప్రేమగానే అడుగుతారు: "ఏమ్మా, పాపకు ఏ ఫౌండేషన్ బుక్ కొన్నారు?"

"ఇంకా ఫౌండేషన్ దాకా రాలేదండీ. అంతకన్నా ముందుది చదువుతున్నాం."

"ఇప్పటికే లేటమ్మా!"

హైదరాబాద్‌లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనే మాట ఇంటింటా వినబడుతోంది. ఆ పుస్తకాలు నేనూ తిరగేశాను. చాలావాటిలో మొదట సూత్రం ఇస్తారు, కింద సాధించిన లెక్క ఒకటి, ఆపైన అదే అచ్చులో పోసినట్టు ముప్పై లెక్కలు. జ్ఞాపకశక్తి ఉన్న పిల్లలు దాటేస్తారు. భిన్నాలు గట్టిపడని బిడ్డ మాత్రం ఎక్స్ రాగానే తనకు లెక్కలు రావని తేల్చేసుకుంటుంది. పన్నెండేళ్లకే ఒక బిడ్డ అలా అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ మాట ఒకసారి లోపల పడితే బయటికి లాగడం చాలా కష్టం.

మేం వెన్నెముకగా పెట్టుకున్నది ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గణిత ప్రకాశ్. ఆరో తరగతి పుస్తకం 2024లో, ఏడోది 2025లో వచ్చాయి. రెండూ ఉచితంగా దించుకోవచ్చు. ఏడో తరగతిలో అక్షరాలు రావడానికి ముందే ఉత్త సంఖ్యలతో ఒక అధ్యాయం పెట్టారు. కూడకుండా, గుణించకుండా, రెండు సమాసాల్లో ఏది పెద్దదో చెప్పమంటుంది. ఉదాహరణకు 487 + 36 పెద్దదా, 489 + 35 పెద్దదా? మొదటి సంఖ్య రెండు పెరిగింది, రెండోది ఒకటి తగ్గింది, కాబట్టి కుడివైపుది ఒకటి ఎక్కువ. ఇక్కడ లెక్క చేయడం కన్నా చూడటం ముఖ్యం. 98 × 7 ను నిలువుగా గుణించే బిడ్డకూ, ఏడు వందల్లోంచి పద్నాలుగు తీసేసే బిడ్డకూ జవాబు 686 ఒకటే. రెండో బిడ్డ విభాగ న్యాయం అనే పేరు వినకుండానే బీజగణితంలో అడుగుపెట్టేసింది.

సాధనకు ఆర్.డి. శర్మ, ఆర్.ఎస్. అగర్వాల్ ఉన్నాయి. మంచివే, కానీ మొత్తం చేయించడానికి కావు. ఒక్కో అభ్యాసంలో నాలుగైదు ఏరి, మిగతావి నెల తర్వాతకు దాస్తాను. అమెరికాలో ఇంటి చదువుల వాళ్లు ఎక్కువగా వాడే శాక్సన్ పుస్తకాల్లో ప్రతి పాఠం చివరా పాత పాఠాల లెక్కలు కలిసి వస్తాయి. ఆ పద్ధతి అక్కడి నుంచే తీసుకున్నాను. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ల ప్రీఆల్జీబ్రా 2011లో వచ్చింది. ముగ్గురు రచయితల్లో రవి బొప్పన ఒకరు. మామూలు కూడిక, గుణకారాల ధర్మాల నుంచి మొదలుపెట్టి ప్రతిదానికీ కారణం చెబుతుంది. చదవడం ఇష్టమున్న పిల్లలకు అంత మంచి పుస్తకం నేను చూడలేదు. పేజీ నిండా అక్షరాలు చూసి జంకే పిల్లలకు ఇవ్వకండి.

కొన్ని రంగురంగుల వర్క్‌బుక్కులను మాత్రం పక్కన పెట్టేస్తాను. "అ అంటే అరటిపండు, మ అంటే మామిడిపండు, 3అ + 2మ అంటే మూడు అరటిపండ్లు, రెండు మామిడిపండ్లు" అనే రకం. చూడటానికి ముద్దుగా ఉంటుంది గానీ హాని చేస్తుంది. అక్షరం వస్తువుకు పొట్టిపేరు కాదు, అది ఒక సంఖ్య. అరటిపండు ధర కావచ్చు, అరటిపండ్ల లెక్క కావచ్చు, అరటిపండు మాత్రం కాదు.

ఈ తేడా మాకు బాగా తెలిసొచ్చింది రాణీగంజ్‌లో. మా ఇంటి నుంచి నడిచివెళ్లే దూరంలోనే హార్డ్‌వేర్ దుకాణాల వరసలు. అక్కడ బోల్టూ ఇనుప చువ్వా ఇప్పటికీ సూతుల్లో అడుగుతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు. మూడు సూతుల చువ్వ అంటే 3/8 అంగుళం, నాలుగు సూతులంటే అరంగుళం. 3/8 పెద్దదా, 5/16 పెద్దదా అన్నది వర్క్‌బుక్‌లో ఒక ప్రశ్న. రెంచీ సెట్ ముందు అది పని. 5/16 రెంచీ 3/8 బోల్టు తలకు పట్టదు. హారాలు ఎందుకు సమానం చేయాలో అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకరోజు ఇంటికొచ్చాక ఇలా అడిగాను: సూతుల సంఖ్య స, అంగుళాల సంఖ్య అ. ఆ రెండింటికీ ఉన్న సంబంధం రాయి. మా అమ్మాయి వెంటనే 8స = అ అని రాసింది. ఎనిమిది సూతులు ఒక అంగుళం కదా! నేను తప్పనలేదు. మూడు అంగుళాలకు ఎన్ని సూతులని అడిగాను. 24 అంది. ఆ సంఖ్యలను నువ్వు రాసినదాంట్లో పెట్టు అన్నాను. 8 × 24 = 3 అని వచ్చింది. సమానం గుర్తుకు అటూ ఇటూ చాలాసేపు చూసింది. "అమ్మా, ఇది అబద్ధం చెబుతోంది" అని, స = 8అ అని తనే దిద్దుకుంది. ఇలాంటి లెక్కలోనే, విద్యార్థుల, అధ్యాపకుల సంఖ్యలతో అడిగితే, అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది వాళ్లు కూడా చాలామంది తిరగేసి రాశారని ఎనభైల నాటి పరిశోధనలు చెబుతున్నాయి. పన్నెండేళ్లప్పుడు ఒక సాయంత్రం దీనికి కేటాయిస్తే పోయేదేమీ లేదు.

రుణ సంఖ్యలకు గణిత ప్రకాశ్ ఆరో తరగతిలో నేలకింద అంతస్తులున్న భవనం, లిఫ్టు పెట్టారు. కూడికకు అది బాగా పనిచేస్తుంది. రుణ సంఖ్యను తీసివేయడం దగ్గరికొచ్చేసరికి నాకు బ్రహ్మగుప్తుడి దారే నచ్చింది. 628లోనే ఆయన ధనం, అప్పు అనే లెక్కలో సూత్రాలన్నీ చెప్పాడు. నీ పద్దులో రెండు వందల అప్పు కొట్టేస్తే నీ దగ్గర ఉన్నది పెరిగినట్టే కదా! అంగళ్ల మధ్య పెరిగే పిల్లలకు ఆ ఒక్క మాట చాలు.

భాష గురించీ చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంట్లో చదివించేవాళ్లకు ఇదెంత మేలో. ఇంగ్లిష్‌లో అర్థం కాని మాటల లెక్కను అమ్మమ్మ తెలుగు పేజీ చూసి చదివి వినిపిస్తే, సగం సార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను తెలుగులో ఆలోచించుకోవడానికి మొహమాటం దేనికి?

ఇక రోజువారీ పని. 1954లో జపాన్‌లో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు, రెండో తరగతి చదివే తన కొడుకు కోసం విడి కాగితాల మీద లెక్కలు రాసివ్వడం మొదలుపెట్టాడు. రోజూ కొంచెమే. ఆ కొంచెం అన్నది నాకు ఇష్టం. గడియారం పెట్టి పరుగెత్తించడం మాత్రం ఈ వయసులో, ఈ పాఠాలకు వద్దని నా గట్టి అభిప్రాయం. ఉదయం అరగంట, కొత్తవి రెండు, పాతవి మూడు. జవాబుల పేజీ బిడ్డ దగ్గరే ఉంటుంది. జవాబు సరిపోకపోతే ఎక్కడ దారి మారిందో తనే వెతికి ఎర్ర పెన్నుతో గీత గీయాలి. రబ్బరు వాడకూడదని ఒక్కటే నిబంధన. ఆ ఎర్రగీతల పేజీలే మరుసటి వారం ఏం చేయించాలో నాకు చెబుతాయి. వర్క్‌బుక్‌లోని విషయసూచిక ఆ పని చేయలేదు.

పుస్తకం మొత్తం ఒకేసారి చేతికివ్వను. జిరాక్స్ షాపులో ఒక్కో అధ్యాయం ప్రింటు తీయించి, మధ్య మధ్య తెల్లకాగితాలు పెట్టించి స్పైరల్ బైండింగ్ చేయిస్తాను. లావు పుస్తకం భయం ఉండదు, రాసుకోవడానికి చోటూ ఉంటుంది. సమీకరణాల అధ్యాయం ఇంకా ప్రింటు తీయించలేదు. అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లయితే మూడు సూతులకు 9.525 వస్తోంది, మరి దుకాణంలో ఆ చువ్వను పది ఎంఎం అని ఎందుకంటారని మా అమ్మాయి అడుగుతోంది. కాబట్టి ఈ వారం దశాంశాలు.