అతుకు కనబడని పని

నిర్మల్ కొయ్యబొమ్మను కొనేవాళ్లు రంగు చూసి కొంటారు. పని తెలిసినవాళ్ల చూపు మాత్రం ముందు రంగు మీద పడదు. జింక కొమ్ము నెత్తి మీద నుంచి లేచే చోట, నెమలి మెడ ఒంటితో కలిసే చోట, ఏనుగు తొండం దవడ కింద వంగే చోట పడుతుంది. అక్కడ సన్నని గీత కనబడినా, వేలికి చిన్న గడ్డ తగిలినా ఆ బొమ్మ చేసిన చెయ్యి ఇంకా నేర్చుకుంటున్నదని అర్థం. బొమ్మ మొత్తం ఒకే కర్రలో పుట్టినట్టు ఉంటే, అది నిర్మల్ పని.

ఆ పనికి పేరిచ్చిన ఊరు చూడ్డానికి మామూలు తాలూకా పట్నమే. దక్షిణాన సోన్ దగ్గర గోదావరి దాటి వస్తే నిర్మల్. ఉత్తరాన మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కితే ఆదిలాబాద్ అడవి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే పెద్ద రోడ్డు, ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి నలభై నాలుగు, ఈ ఊరి మీదుగానే పోతుంది. మామడ, లక్ష్మణచాంద, సారంగాపూర్, దిలావర్‌పూర్ ఊళ్ల నుంచి జనం ఇక్కడికి విత్తనాలకు వస్తారు, దవాఖానకు వస్తారు, కోర్టు వాయిదాకు వస్తారు, పెండ్లి బట్టలకు వస్తారు. పత్తి, మక్కలు, సోయా, పసుపు అమ్ముకుని పోతారు. వాడకట్టుల్లో చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. కొడుకులు గల్ఫ్‌లో ఉన్న ఇండ్లూ చాలానే ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది కాబట్టి కలెక్టరేటు పనికి వచ్చేవాళ్లు కూడా పెరిగారు. చుట్టుపక్కల పల్లెలకు కావాల్సింది చేసిపెట్టడమే నిర్మల్ బతుకు. ఆ బతుకులో బొమ్మలు ఒక భాగం, అంతే. కానీ ఊరి పేరును దేశం దాటించింది ఆ భాగమే.

పదిహేడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి పేరు మీదనే ఊరికి నిర్మల్ అని పేరొచ్చిందని ఇక్కడివాళ్లు చెప్తారు. చేతిపనివాళ్లను పిలిపించి, ఇండ్లిచ్చి, ఒక చోట నిలిపింది కూడా ఆయనేనంటారు. తర్వాతి కథంతా యుద్ధాలది. 1752లో ఔరంగాబాదు నుంచి గోల్కొండ వైపు పోతున్న నిజాం సలాబత్ జంగ్ సైన్యాన్ని, దాని వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీని, నిర్మల్ రాజు ఎదిరించాడు. ఆ పోరులో రాజు చనిపోయాడు. ఊరు నిజాం మనుషుల చేతికి పోయాక ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కోటలు లేచాయి. శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ బురుజులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన కార్ఖానా కూడా ఇక్కడిదే. ఊరి చుట్టూ గొలుసుకట్టు చెరువులు తవ్వారు: ధర్మసాగర్, ఖజానా చెరువు, కంచరోని చెరువు, ఇబ్రహీం చెరువు, బంగల్‌పేట, మంజులాపూర్. ఒకటి నిండితే మత్తడి దూకి ఇంకోదానిలోకి పోయే ఏర్పాటు. ఒక చెరువు తెగకుండా, ఇంకోటి ఎండకుండా చూసే లెక్క అది. ఈ చెరువులను నేను కోటల కంటే గొప్ప పనితనంగా లెక్కిస్తాను. కోట ఒక్క దొరను కాపాడింది, చెరువు పంటను కాపాడింది. అలాంటి చెరువులను ఈ కాలంలో పూడ్చి ప్లాట్లు చేసుకోవడం చూస్తే కడుపు మండుతుంది.

ఈ ఊరి పేరు వినగానే ఇంకో జ్ఞాపకం కూడా తోసుకొస్తుంది. 1857 తర్వాత గోండులను, రోహిల్లాలను కూడగట్టి ఆంగ్లేయులను, నిజాంను ఎదిరించిన రాంజీ గోండును 1860లో పట్టుకుని, ఆయన వెంట ఉన్న వందల మందితో కలిపి నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరితీశారు. జనం దాన్ని వెయ్యి ఉరుల మర్రి అని పిలిచారు. బొమ్మల ఊరని మురిపెంగా చెప్పుకునేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

ఇక పనివాళ్ల దగ్గరికి వద్దాం. వీళ్లు నకాష్‌లు. రాజుల కాలంలో పల్లకీలకు, పెట్టెలకు, ఇంటి సామానుకు బొమ్మలు చెక్కి రంగులద్దినవాళ్లు. ఆడుకునే గుండ్రటి గంజీఫా చీట్ల మీద చిత్రాలు వేసినవాళ్లు కూడా వీళ్లే. నిజాం ఒకసారి నిర్మల్ వచ్చినప్పుడు ఆయన ఆసనం మీద అరటి పువ్వు ఒకటి చేసి వేలాడదీశారట. ఆయన కూర్చోగానే రేకులు విచ్చుకుని బంగారు రంగు పూల జల్లు మీద రాలిందట. కథ ఎంతవరకు నిజమో గానీ, పనివాడి గొప్పను చెప్పడానికి ఊరు ఎంచుకున్న తీరు నాకు నచ్చుతుంది. విచ్చుకునేదాకా అది చేసిన పువ్వని ఎవరికీ తెలియకపోవడమే ఆ కథలోని అసలు మెప్పు.

కర్ర పేరు పొనికి. ఆకు రాలే పొడి అడవుల్లో, రాళ్ల గుట్టల మీద పెరిగే చెట్టు. కొండపల్లి బొమ్మలకు వాడేది కూడా ఇదే. ఏటికొప్పాక వాళ్లది అంకుడు కర్ర, అది తరిణె మీద తిరిగి గుండ్రటి రూపం తీసుకుంటుంది. పొనికిది వేరే దారి. చేతిలోకి తీసుకుంటే కర్ర పట్టుకున్నట్టే ఉండదు, అంత తేలిక. ఉలి పెడితే మెత్తగా దిగుతుంది, చీలిపోదు. అందుకే బాడిసెతో పెద్ద రూపం తీసి, ఉలితో మలిచి, ఆకురాయితో సాపు చేయడానికి అనువైనది. కానీ మెత్తన కావడమే దానితో చిక్కు. ఒకే దిమ్మెలో జింకను, దాని సన్న కాళ్లను, కొమ్ములను తీయబోతే కాలు విరుగుతుంది. అందుకని ఒళ్లు వేరు, కాళ్లు వేరు, చెవులు వేరు, కొమ్ములు వేరుగా చెక్కి తర్వాత కలుపుతారు. నిర్మల్ పని అసలు మొదలయ్యేది ఇక్కడే.

అతికేది చింతగింజల జిగురుతో. గింజలు నానబెట్టి, నూరి, ఉడికిస్తే చిక్కటి జిగురొస్తుంది. మన కురుమలు గొంగడి బిర్రుగా ఉండడానికి పట్టించేది కూడా ఈ చింతగింజల గంజే. నకాష్‌లు దాంట్లో పొనికి కర్ర పొట్టు కలుపుతారు. నన్ను కట్టిపడేసింది ఈ చిన్న విషయమే. బయటి మసాలా ఏది పెట్టి పూడ్చినా అది కర్ర కంటే గట్టిగానో మెత్తగానో ఉంటుంది. ఆకురాయి నడిపినప్పుడు కర్ర అరుగుతుంది, మసాలా అరగదు, అక్కడ గడ్డ మిగులుతుంది. వానాకాలం తేమకు కర్ర ఉబ్బితే మసాలా ఉబ్బదు, చీలిక వస్తుంది. అదే కర్ర పొట్టును జిగురులో కలిపితే అతుకు కూడా చాలావరకు కర్రలాగే ప్రవర్తిస్తుంది. ఒకే రాపిడికి రెండూ ఒకేలా అరుగుతాయి. అతుకును దాచడం కాదు ఇది, అతుకును కర్రగా మార్చడం. ఏ కాలేజీ చదువూ లేకుండా, తరతరాల తప్పుల మీద నిలబడి కనుక్కున్న సంగతి.

ఆరిన తర్వాత రాపిడి. తర్వాత సుద్ద పూత. పూత ఆరాక మళ్లీ రాపిడి. కర్రలో ఉండే సన్నని రంధ్రాలన్నీ మూసుకుపోయి, వేలు పెడితే జారేదాకా ఇది సాగుతుంది. చూసేవాళ్లకు ఇది విసుగు పని. బొమ్మ తెల్లగా, ముఖం లేకుండా, కళ్లు లేకుండా ఉంటుంది, కొనేవాడు దాని వైపు చూడడు కూడా. కానీ ఒక బొమ్మకు పెట్టే కష్టంలో పెద్ద భాగం ఈ తెల్ల బొమ్మ మీదనే పోతుంది. రంగు అబద్ధం చెప్పదు. కింద ఎక్కడ చిన్న గుంట ఉన్నా, మెరుపు దాన్ని పట్టి చూపిస్తుంది.

అరటిపండునే తీసుకోండి. నిర్మల్ పండ్ల బుట్టలో అరటి, మామిడి, జామ, సీతాఫలం అసలు పండ్ల సైజులోనే ఉంటాయి. అరటిపండు సులువనుకుంటాం. అది గుండ్రంగా ఉండదు, ఒంటి పొడుగునా పలకలు ఉంటాయి, పలకకూ పలకకూ మధ్య మొద్దు అంచు ఉంటుంది. ఆకురాయి కాస్త ఎక్కువ నడిస్తే అంచు పోయి ముల్లంగి అవుతుంది, తక్కువ నడిస్తే పదునుగా మిగిలి కర్రముక్కలా కనబడుతుంది. మంచి పనివాడు అంచు పోకుండా దాని పదును మాత్రమే తీసేస్తాడు. తర్వాత పసుపు. కాడ దగ్గర కాస్త ఆకుపచ్చ, ఆ పచ్చ పసుపులో ఎక్కడ కలిసిపోయిందో చెప్పలేం. కొసకు నల్లటి ముక్కు. ఒంటి మీద అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు. ఆ మచ్చలు వరసగా పెడితే పండు చచ్చిపోతుంది. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒక పలక మీద ఎక్కువ, ఇంకో పలక మీద అసలే లేకుండా పెట్టాలి. పండు రెండు రోజుల కింద గెల నుంచి తెంపినట్టుండాలన్న లెక్క కుంచె పట్టిన వేళ్లలో ఉంటుంది.

ఒకప్పుడు మూలికల పసర్లు, ఖనిజాలు నూరి రంగులు చేసుకునేవారు. నిర్మల్ పనికి పేరు తెచ్చిన బంగారు ఛాయ కూడా అలా వచ్చిందే, అందులో అసలు బంగారం లేదు. ఇప్పుడు డ్యూకో రంగులు వాడుతున్నారు. పాతది పోయిందని కొందరు బాధపడతారు. నా మట్టుకు నేను దీన్ని తప్పుపట్టను. తడి గుడ్డతో తుడిచినా పోని రంగు కావాలని కొనేవాళ్లు అడిగారు, బతకాల్సినవాళ్లు మారారు. రంగు మారినా కింది పని మారలేదు, నాకు కావాల్సింది అదే.

నిర్మల్ చిత్రాలదీ ఇదే దారి. చెక్క బోర్డును నున్నగా చేసి నల్లటి పూత వేస్తారు. రామాయణ, భారత ఘట్టాలు, అజంతా వాసన ఉన్న స్త్రీలు, మొగలుల కాలపు కొలువులు ఆ నలుపులోంచి బయటికి వస్తాయి. తెల్ల కాగితం మీద బొమ్మ వేసేవాడు నీడను వేస్తాడు. ఇక్కడ నీడ ముందే ఉంటుంది, వెలుగును మాత్రమే వేయాలి. చెంప మీద, భుజం మీద, నగ అంచు మీద ఎక్కడ వెలుగు పడాలో అక్కడే కుంచె పెట్టి, మిగతాది ముట్టుకోకుండా వదిలేయాలి. ఎక్కడ వదలాలో తెలియని చెయ్యి ఈ పనికి పనికిరాదు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే పుట్టిన మిగతా పనులను పక్కన పెట్టి చూస్తే నిర్మల్ స్వభావం ఇంకా తేటపడుతుంది. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిన వెండి తీగపనిలో అందమంతా కలయికలోనే ఉంది. సన్నని తీగలను మెలిపెట్టి, చుట్టి, చట్రంలో నింపి, టంకం పెడతారు. తీగకు తీగ ఎక్కడ తగిలిందో కళ్లకు కనబడాల్సిందే. జైనూర్ దగ్గర ఉషేగావ్‌లో ఓజా గోండులు చేసే డోక్రా బొమ్మల్లో అసలు అతుకే ఉండదు. మైనపు తీగలతో రూపం చుట్టి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఒక పోతతో బొమ్మ పుడుతుంది. నిర్మల్‌లో అతుకు ఉంటుంది, కానీ కనబడకూడదు. వెండి తీగపనికి 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో, డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు దొంగిలించకుండా ఆ కాగితం కాపాడుతుంది. చేసే చెయ్యిని కాపాడే పని మాత్రం కొనేవాళ్లది, పాలించేవాళ్లది.

1955లో నకాష్‌లు సహకార సంఘం పెట్టుకున్నారు. కర్ర తెచ్చుకోవడం, పని పంచుకోవడం, అమ్ముకోవడం దాని ద్వారానే సాగింది. ఒక్కొక్కరుగా ఉంటే దళారి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన వాళ్లు సంఘంగా నిలిచి ధర చెప్పగలిగారు. పెద్ద పేర్లు లేని ఈ ఏర్పాటే ఇన్నేళ్లు పనిని బతికించింది. ఇప్పుడు పనిలో ఉన్నవి కొద్ది కుటుంబాలే. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు పోతున్నారు, పోనివ్వాలి కూడా. కానీ ఉండాలనుకున్నవాడికి ఇందులో కూలి గిట్టాలి కదా. రోజంతా రాకితే వచ్చేది బయటి కూలికి సమానంగా లేకపోతే ఏ కొడుకైనా ఆకురాయి ఎందుకు పట్టుకుంటాడు?

అంతకంటే పెద్ద గండం కర్రది. పొనికి అడవిలో తగ్గిపోయింది. దాని గింజకు గట్టి పెంకు, అంత తేలికగా మొలకెత్తదు. దొరికిన చోటల్లా నరికి, మళ్లీ నాటకపోతే అయిపోయేదే. టేకు తోటలు పెంచగలిగిన అటవీ శాఖకు పొనికి తోటలు పెంచడం చేతకానిది కాదు. హరితహారం పేరుతో లెక్కలేనన్ని మొక్కలు నాటిన రాష్ట్రం మనది. నిర్మల్ గుట్టల మీద పొనికికి ప్రత్యేకంగా చోటు కేటాయించి, ఏటేటా పెంచి, పెరిగిన కర్రను సంఘానికి సరసమైన ధరకు ఇవ్వాలి. ఇప్పుడు నాటిన మొక్క ఇంకో తరం పనివాళ్లకు అందుతుంది, అందుకే ఆలస్యం చేయకూడదు.

ఆదిలాబాద్‌కో, బాసరకో, కుంటాల జలపాతానికో పోతూ నిర్మల్‌లో ఆగితే, సంఘం దుకాణంలోకి వెళ్లండి. బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. కొమ్ము మొదట్లో, మెడ కింద వేలు పెట్టి అతుకు వెతకండి. దొరకకపోతే చెప్పిన ధర ఇచ్చి కొనండి, బేరం ఆడకండి.