విడాకుల లెక్క: ఒక గ్రంథ విమర్శ

వివాహము, విడాకులు మొదలగు కుటుంబ పరిణామములను గణాంక శాస్త్ర దృష్టితో పరిశీలించిన గ్రంథములలో లెనోర్ వైట్జ్‌మన్ 1985లో ప్రకటించిన ‘ది డైవోర్స్ రివల్యూషన్’ మిక్కిలి పేరు పొందినది. దంపతులలో ఒకరిపై దోషము మోపకయే విడాకులు పొందవచ్చునను శాసనము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1970లో అమలులోనికి వచ్చినది. దాని ఫలితమును తెలిసికొనుటకై రచయిత్రి లాస్ ఏంజిలీస్ ప్రాంతమున విడాకులు పొందిన 228 మంది స్త్రీ పురుషులను ప్రశ్నించిరి. విడాకుల తరువాత మొదటి సంవత్సరమున స్త్రీల జీవన ప్రమాణము 73 శాతము తగ్గినదనియు, పురుషులది 42 శాతము పెరిగినదనియు తేల్చిరి. ఈ అంకెలు పత్రికలకు, న్యాయస్థానముల తీర్పులకు గూడ ఎక్కినవి.

ఇచ్చట జీవన ప్రమాణమనగా ఆదాయమును కుటుంబావసరములచే భాగించగా వచ్చు నిష్పత్తి. ఉదాహరణకు, నెలకు 100 రూపాయలు అవసరమైన యింటికి 150 వచ్చుచున్నచో నిష్పత్తి 1.5. విడిపోయిన పిమ్మట తల్లికి, పిల్లలకు 80 రూపాయలు అవసరమై, 88 వచ్చినచో నిష్పత్తి 1.1 అగును. తగ్గుదల సుమారు 27 శాతము. అదే 73 శాతము తగ్గవలెనన్న, ఆమెకు 32 రూపాయలే రావలెను. రెంటికిని ఎంత యంతరమో చూడుడు!

గ్రంథములోని ఆదాయముల పట్టికలతో 73 అను అంకె పొసగదని 1988లో సాల్ హాఫ్‌మన్, గ్రెగ్ డంకన్ అను పరిశోధకులు చూపిరి. 1996లో రిచర్డ్ పీటర్సన్ ఆ మూల దత్తాంశములనే మరల గణించగా స్త్రీల తగ్గుదల 27 శాతము, పురుషుల పెరుగుదల 10 శాతము అని తేలినది. తన అంకెలు తప్పని రచయిత్రియు అంగీకరించిరి.

ఇంతమాత్రమున గ్రంథమంతయు వ్యర్థమనరాదు. స్త్రీలు నష్టపడిరి, పురుషులు లాభపడిరి అను నిర్ణయము మారలేదు. నాలుగవ వంతుకు మించిన నష్టము చిన్నది కాదు. దానిని పెంచి చెప్పవలసిన పని లేకుండెను. అంకె తప్పని తేలిననాడు న్యాయమైన మొరను గూడ లోకము శంకించును. మరియు, అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలును గాని, ఒక యింటి కుండలోని మెతుకు ఊరందరి అన్నమును గూర్చి చెప్పజాలదు. ఒక్క నగర ప్రాంతపు 228 మంది దేశమునకంతకు ప్రతినిధులు కాజాలరు.

మూల దత్తాంశములు భద్రముగా నుండుటచేతనే ఈ తప్పు సవరింపబడినది. కనుక చదువరులు ఇట్టి అంకె కనబడగానే ఎవరిని అడిగిరి, దేనిని దేనిచే భాగించిరి, ఇతరులు మరల గణించి చూచిరా అని విచారించుట మేలు.