ఫిర్యాదుకు ముందరి గది

వృత్తి సదస్సు ఒక విచిత్రమైన కార్యస్థలం. అక్కడ పని జరుగుతుంది, పేరు వస్తుంది, ఉద్యోగాల మాటలు నడుస్తాయి, కానీ వచ్చినవారందరికీ ఉమ్మడి యజమాని అంటూ ఎవరూ ఉండరు. 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభ వంటి సమావేశాన్ని తలచుకుంటే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది: ఒక దేశపు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే విద్యార్థి, మరో దేశంలో పాఠం చెప్పే ఆచార్యుడు, ఇంకెక్కడినుంచో వచ్చిన ప్రచురణకర్త కొద్దిరోజులు ఒకే కప్పు కింద మసలి, ఆ తరువాత ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. ఇటువంటి చోట ఒకరి ఫలితాన్ని మరొకరు తమదిగా చెప్పుకున్నా, ప్రశ్న పేరుతో వేదిక మీది వక్తను అవమానించినా, పెద్ద హోదాలో ఉన్నవారు విందుకు రమ్మని పదేపదే ఒత్తిడి చేసినా, ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో వెంటనే తోచదు. నిర్వాహకులతో చెబుదామంటే వారే రేపు పరిశోధన పత్రాలను సమీక్షించేవారు, ఎల్లుండి నియామక సంఘంలో కూర్చునేవారు.

ఈ లోటు తీర్చడానికి అమెరికన్ రాజనీతిశాస్త్ర సంఘం వంటి కొన్ని వృత్తి సంఘాలు సదస్సు రోజుల్లో అంబుడ్స్ అనే తటస్థ వ్యక్తిని అందుబాటులో ఉంచుతున్నాయి. అంబుడ్స్‌మన్ అనగానే తెలుగు పాఠకులకు బ్యాంకు గుర్తుకు రావడం సహజం. రిజర్వు బ్యాంకు 1995లో నెలకొల్పిన ఆ వ్యవస్థలోని అధికారి ఫిర్యాదు స్వీకరిస్తాడు, రెండు పక్షాలనూ విచారిస్తాడు, అవసరమైతే పరిహారం చెల్లించమని ఆదేశిస్తాడు. పాలనా యంత్రాంగంపై నిఘా కోసం స్వీడన్ పార్లమెంటు 1809లో ఏర్పరచుకున్న పదవి ఈ తరహాకు మూలం. సదస్సులోని అంబుడ్స్ వేరొక శాఖకు చెందినవారు. వారు విచారించరు, తీర్పు చెప్పరు, ఎవరినీ సదస్సునుంచి పంపివేయలేరు. 1973లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చేరిన మేరీ రో వంటివారు దశాబ్దాలపాటు ఈ పనికి పద్ధతులు కూర్చగా, 2005లో ఏర్పడిన అంతర్జాతీయ అంబుడ్స్‌మన్ సంఘం దానికి నాలుగు సూత్రాలు స్థిరపరచింది: సంస్థ యాజమాన్యానికి లోబడని స్వతంత్రత, ఏ పక్షం వహించని తటస్థత, అధికారిక ప్రక్రియలో భాగం కాని అనౌపచారికత, గోప్యత.

తీర్పు చెప్పలేని మనిషి వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఆ గదిలో జరిగే సంభాషణలో ఉంది. అక్కడికి వచ్చినవారిని ఫిర్యాదుదారులు అనరు, సందర్శకులు అంటారు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వారింకా తేల్చుకోలేదు కనుక ఈ జాగ్రత్త. జరిగినది పూర్తిగా విన్న తరువాత అంబుడ్స్ అడిగే ముఖ్యమైన ప్రశ్న, ఏం జరిగితే మీకు సమ్మతంగా ఉంటుందని. ఆ ప్రశ్నకు చాలామంది దగ్గర సిద్ధంగా జవాబు ఉండదు, ఎందుకంటే అప్పటిదాకా వారి ఎదుట రెండే దారులు కనిపించాయి: నోరు మూసుకోవడం, లేదా రచ్చకెక్కడం. ఈ రెంటి నడుమ ఎన్నో మెట్లున్నాయని చూపడమే ఈ వృత్తిలోని పనితనం. జరిగిన విషయాన్ని, దానివల్ల కలిగిన బాధను, ఇకముందు కోరేదాన్ని విడివిడిగా రాసి అవతలివారికి ఉత్తరం పంపవచ్చు; రాసి పంపకుండా ఉంచుకోవచ్చు, అలా రాయడం వల్లనే ఆలోచన తేటపడటం కద్దు. సందర్శకులు ఒప్పుకుంటే అంబుడ్స్ అవతలివారితో మాట్లాడి రావచ్చు. ఎవరి పేరూ ఎత్తకుండా, సభాధ్యక్షులందరూ ప్రశ్నోత్తరాల మర్యాదను మరోసారి గుర్తుచేయాలని నిర్వాహకులను కోరవచ్చు. రాతపూర్వక ఫిర్యాదు, పోలీసు కేసు ఎలాగూ ఉన్నాయి. అవి ఎక్కడ, ఎలా మొదలవుతాయో చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. ఏమీ చేయకుండా వెళ్లిపోవడమూ ఒక నిర్ణయమే, దాన్నీ అంబుడ్స్ తప్పుపట్టరు.

ఇదంతా గోప్యత మీద ఆధారపడుతుంది, కానీ ఆ గోప్యత హద్దులను సందర్శకులకు మొదటి నిమిషంలోనే చెప్పాలి. ఎవరి ప్రాణానికైనా తక్షణ ప్రమాదం ఉందని తోచినప్పుడు అంబుడ్స్ మౌనంగా ఉండరు. అంతకన్నా తక్కువగా తెలిసిన హద్దు మరొకటుంది: అంబుడ్స్‌కు చెప్పినంత మాత్రాన సంస్థకు తెలియజేసినట్టు కాదు, కాబట్టి సంఘం చర్య తీసుకోవాలనుకునేవారు వేరే తలుపు తట్టక తప్పదు. అమెరికాలో 1997 నాటి మెక్‌డొన్నెల్ డగ్లస్ విమాన తయారీ సంస్థ కేసులో, అంబుడ్స్‌తో జరిగిన సంభాషణలను బయటపెట్టనక్కరలేదన్న ప్రత్యేక హక్కును ఎనిమిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు గుర్తించలేదు. కోర్టు అడిగితే ఇవ్వవలసి వచ్చే కాగితం అసలు లేకుండా చూసుకోవడమే మేలన్న ఈ వృత్తి అలవాటుకు ఆ తీర్పు గట్టి సమర్థన. రాసుకున్న చిత్తు కాగితాలను పని పూర్తికాగానే చించివేస్తారు. అంబుడ్స్‌కు చెప్పడానికీ సంస్థకు తెలియజేయడానికీ ఉన్న తేడా అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు మరీ ముఖ్యం. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అధ్యాపకులు తమ చెవిన పడిన లైంగిక వేధింపును సంబంధిత కార్యాలయానికి నివేదించవలసి ఉంటుంది కాబట్టి, నమ్మకమున్న గురువుతో మనసు విప్పుకుంటే విద్యార్థి అనుకోకుండానే విచారణ మొదలుకావచ్చు. వీసా, జీతం, సిఫారసు ఉత్తరం ఒకే విశ్వవిద్యాలయంతో ముడిపడినవారు ముందు హద్దులు తెలుసుకుని నోరు విప్పడం పిరికితనమేమీ కాదు.

భారతదేశంలో మహిళలపై పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, ఉద్యోగ నిమిత్తం వెళ్లిన చోటును కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది, అందువల్ల ఉద్యోగం పనిమీద వెళ్లిన సదస్సు దాని పరిధిలోకి వస్తుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా, ఘటన జరిగిన మూడు నెలల లోపల అందాలి; తగిన కారణముంటే మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. ఈ చట్టం విధించే గోప్యత ఫిర్యాదులో ఏముందో, విచారణలో ఏం తేలిందో బయటికి పొక్కకుండా చూసేది. ఫిర్యాదు చేయాలా వద్దా అని మథనపడే ఆ మూడు నెలలు ఎవరితో ఆలోచించాలో అది చెప్పదు, చట్టం నుంచి అది ఆశించడమూ సరికాదేమో. సదస్సు నిర్వాహకులు చేయగలిగినది అక్కడే ఉంది.

అయితే చేసే తీరులో తప్పులు సులువు. సంఘం మాజీ అధ్యక్షుడినే అంబుడ్స్‌గా కూర్చోబెడితే ఆ గదికి ఎవరూ రారు. ఆ రంగంతో సంబంధం లేని, శిక్షణ ఉన్న బయటివారు కావాలి. గది నమోదు బల్ల ఎదురుగా ఉంటే తలుపు తెరిచిన ప్రతివారినీ పదిమంది చూస్తారు. ఫోను నంబరు సంఘం కార్యాలయం గుండా పోకూడదు, సదస్సు ముగిసిన రోజునే మూగబోనూ కూడదు, ఎందుకంటే చాలామందికి జరిగినదేమిటో ఇల్లు చేరాకగాని తెలియదు.

అన్నిటికన్నా చిక్కైనది చివరి నివేదిక. ఎందరు వచ్చారు, ఏ తరహా సమస్యలు చెప్పారు అన్నది మొత్తంగా నిర్వాహకులకు తెలపడం ఆనవాయితీ. వేలమంది వచ్చిన సభలో అది క్షేమమే. ఇరవైమంది కూర్చున్న ఉపగోష్ఠి విషయంలో మాత్రం ఒక సభాధ్యక్షుడి తీరుపై ఇద్దరు విద్యార్థులు వచ్చారని రాస్తే పేర్లు రాసినట్టే. అటువంటప్పుడు అంబుడ్స్ ఆ వాక్యం విడిచిపెట్టి, వచ్చే ఏడాది సభాధ్యక్షులకు నియమాలను ముందుగా పంపమని ఒక సూచన మాత్రం చేస్తారు. ఖర్చు భరించిన సంఘం కారణం అడిగినా చెప్పరు, ఈ మౌనం కొందరు నిర్వాహకులకు మింగుడుపడదు.