ముఖం దాచుకున్న దుఃఖం: మూంక్ ‘జబ్బుపడిన బాలిక’

ఎడ్వర్డ్ మూంక్ ‘కేక’ (1893) చిత్రంలో భావం ముఖం మీదే ఉంది, వెతకనక్కరలేదు. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టుల కంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1885-86లో, ఆయన వేసిన ‘జబ్బుపడిన బాలిక’లో మాత్రం వెతకాలి. ముఖంలో వెతికితే దొరకదు.

పెద్ద దిండుకు ఆనుకున్న ఎర్రజుట్టు పిల్ల. ఆమె చూపు పక్కనున్న స్త్రీని దాటి ముదురు రంగు తెర వైపు పోయింది. ఆ ముఖంలో ప్రశాంతతను, పెద్దావిడను ఓదార్చే కరుణను చూసినవారున్నారు. అది అతిగా చదవడమే. క్షయ ముదిరిన దేహంలో అలసట కూడా అచ్చం ప్రశాంతతలాగే కనబడుతుంది. బొమ్మ ఆ రెండింటిలో ఒకదాన్ని తేల్చి చెప్పదు, చూసేవాళ్లే తొందరపడతారు.

కరుణరసానికి నాట్యశాస్త్రం చెప్పిన అనుభావాల్లో కన్నీరు, విలాపం ముందుంటాయి. అవి ఇక్కడ లేవు. ఉన్నవి వైవర్ణ్యం, స్రస్తగాత్రత: ఒకరి ఒంటిపాలిపు, మరొకరి కుంగిన మెడ. ఆ స్త్రీ తల ఎంతగా వాలిందంటే ముఖమే కనబడదు. చిత్రంలోని శోకమంతా ఆ మెడ వంపులో ఉంది.

కువైట్‌లోని అబ్బాసియాలో, కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చినవారు సర్దుకుని బతికే అద్దె గదుల్లో, ఈ చిత్రానికి మరో అర్థం వస్తుంది. ఊళ్లో మంచంపట్టిన తల్లిని అక్కడివారు చూసేది ఫోన్లో. ఫోను ముఖాన్నే చూపిస్తుంది, అదీ “నాకేం, బాగానే ఉన్నా నాయనా” అనే ముఖాన్ని. మంచం పక్కన తల వాల్చుకున్న మనిషి తెర మీదికి రాదు. మూంక్ నమ్మని ముఖాన్నే దూరదేశంలోని బిడ్డ నమ్మాల్సి వస్తోంది.

మూంక్ తల్లి 1868లో, అక్క సోఫీ 1877లో పదిహేనేళ్ల వయసులో, క్షయతోనే పోయారు. తండ్రి సైనిక వైద్యుడు. కాఖ్ క్షయ క్రిమిని గుర్తించింది 1882లో. మందు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. బొమ్మలో సీసా ఉంది, గ్లాసు ఉంది, వైద్యుడు లేడు. ఈ లేమిని కుటుంబకథతో పూరించడం సులువే గాని, కథ తెలియకపోయినా చిత్రం నిలుస్తుంది. అందుకు కారణం దాని ఉపరితలం. మూంక్ రంగు పూసి, గీకి, మళ్లీ పూశాడు. 1886లో క్రిస్టియానియా ప్రదర్శనలో పూర్తికాని బొమ్మ అని ఎగతాళి చేసినవారు ఆ గీతలనే తప్పుపట్టారు. తర్వాత నలభై ఏళ్లలో ఆయన ఇదే దృశ్యాన్ని మరో ఐదుసార్లు చిత్రించాడు. ఆ తొలి బొమ్మలో ఇద్దరి చేతులూ కలిసే చోట వేళ్లు లేవు. చెరిగిన రంగు ముద్ద ఉంది.