జడ్సన్ దొరగారి చరిత్రలో మనము చెప్పని పుటలు



మిషనరీల కథలు వినకుండ పెరిగినవారు మన సంఘములలో ఎవరును లేరు. ఆదివారపు బడిలో వింటిమి, క్రిస్మసు కూటములలో వింటిమి, కోత పండుగనాడు కానుకలు పట్టునప్పుడు మరి యెక్కువగా వింటిమి. ఆ కథలలో బర్మా దేశమునకు వెళ్లిన అదోనీరాము జడ్సన్ దొరగారి కథ మొదటి వరుసలోనిది. ఆయన పనిని భరించిన అమెరికను బాప్తిస్టు సంఘములవారే మన తెలుగువారి యొద్దకును సామ్యూల్ డే దొరగారిని పంపిరి. ఆయన 1836లో ఇచ్చటికి వచ్చిరి. బర్మా మనకు పరాయి పేరును కాదు. కోస్తా జిల్లాలనుండి కూలిపనికి ఓడ యెక్కి రంగూనుకు పోయి, మరల ఇంటి గడప త్రొక్కనివారు మన పూర్వులలో అనేకులున్నారు. కాబట్టి సముద్రమునకు ఆవల విడిచిపెట్టబడిన సమాధి యననేమో మనకును కొంత తెలియును.

నేను ఆ దొరగారి చరిత్రను మరల చెప్పబూనుట లేదు. దానిని మనము, ముఖ్యముగా నావంటి బోధకులము, చెప్పు విధమును గూర్చి వ్రాయుచున్నాను. మొదట నా తప్పును ఒప్పుకొనవలెను.

ఇరువది యేండ్ల క్రిందట నేను కాపరిగా నున్న ఒక పల్లెలో, ఒక కూలి కుటుంబమునకు చెందిన ఎనిమిది నెలల మగబిడ్డ జ్వరముతో మూడు దినములలో చనిపోయెను. సమాధుల దొడ్డిలో బిడ్డను మంటికి అప్పగించిన పిమ్మట, ఆదరణ చెప్పుటకు జడ్సన్ దొరగారి కథ యెత్తుకొంటిని. ఆయన కుమారుడును ఇంచుమించు ఎనిమిది నెలలవాడే; 1816లో రంగూనులో చనిపోయెను. తరువాత భార్య పోయెను. ఆరు మాసములు నిండిన దినముననే కూతురును పోయెను. అయినను ఆ భక్తుడు ఒక దినమైనను పని మానలేదనియు, కన్నీరు విడువలేదనియు గట్టిగా చెప్పితిని. బిడ్డ తల్లి తలయెత్తి, "ఆయన ఏడవలేదా అయ్యగారూ?" అని యడిగెను. ఎదిరించుటకు అడుగలేదు, తెలిసికొన గోరియే అడిగెను. "లేదమ్మా" అంటిని. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్పు ఆపుకొనెను. ఆ సాయంకాలము సంఘపెద్ద యొకరు నా ప్రసంగము చాల బలముగా నుండెనని మెచ్చుకొనిరి.

నేను చెప్పినది నాకు ఎక్కడ దొరికినది? సండేస్కూలు బహుమానముగా పిల్లలకిచ్చు పలుచని పుస్తకములలో చదివినదియు, పెద్ద బోధకుల నోట విన్నదియు కలిపి చెప్పితిని. దొరగారి ఉత్తరము ఒకటైనను అప్పటికి నేను చదువలేదు. రెండేండ్ల తరువాత, నేను చదివిన సెమినరీలో కాపరుల కూటమునకు వెళ్లినప్పుడు, మధ్యాహ్నపు తీరికలో గ్రంథాలయమునకు పోయి పెద్ద పుస్తకములను తెరచితిని. అవి మూడు. నోల్సు అను బోధకుడు 1829లో ప్రకటించిన ఆన్ జడ్సన్ దొరసానిగారి చరిత్ర ఒకటి. బ్రౌన్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షులైన ఫ్రాన్సిస్ వేలాండు గారు 1853లో రెండు సంపుటములుగా వ్రాసిన దొరగారి చరిత్ర మరియొకటి. 1883లో ఆయన కుమారుడు ఎడ్వర్డు వ్రాసినది మూడవది.

వేలాండు గారి వాక్యములు బరువైనవి. సొసైటీ వ్యవహారములు వచ్చిన చోట్ల నేను పుటలు దాటించితిని. అందుకు సిగ్గుపడుట లేదు. గాని ఆయనలో గొప్ప గుణమొకటి యున్నది. ఉత్తరము చేతికి దొరికిన చోట తాను ప్రక్కకు తొలగి, ఉత్తరమునే మాటలాడనిచ్చును. దొరికినవి తక్కువే, ఏలయనగా జడ్సన్ దొరగారే తన పాత ఉత్తరములను నాశనము చేయించిరి. ఎప్పుడు, ఎందుకు చేయించిరో చదివిన తరువాతనే ఆ పల్లె తల్లికి నేనెంత అబద్ధము చెప్పితినో నాకు తెలిసినది.

1826 అక్టోబరు 24న ఆన్ దొరసానిగారు ఆమ్హర్స్టు పట్టణములో చనిపోయిరి. దొరగారు అప్పుడు ఇంగ్లీషు రాయబారితోకూడ ఆవా నగరములో నుండిరి. నల్లముద్ర వేసిన ఉత్తరమును ఆయన చేతికిచ్చిన మనుష్యుడు, మీ బిడ్డ చనిపోయినందుకు విచారించుచున్నానని చెప్పెను. విప్పి చూడగా బిడ్డ కాదు, భార్య. ఆ మనుష్యుడు పొరపాటున అట్లనెనో, లేక తన మనస్సును కొంత సిద్ధపరచుటకు అనెనో తెలియలేదని దొరగారే పిమ్మట తన అత్తగారికి వ్రాసిరి. బిడ్డ మరియ 1827 ఏప్రిల్ 24న పోయెను. తల్లి ప్రక్కనే, హోపియా చెట్టు క్రింద, ఆమెను పాతిపెట్టిరి.

అప్పుడు దొరగారికి ఏమి జరిగినది? పలుచని పుస్తకము "ఆయన మరల పనికి పూనుకొనెను" అని ఒక్క వాక్యముతో దాటిపోవును. పెద్ద పుస్తకములలో ఆ యొక్క వాక్యము రెండు మూడు సంవత్సరములుగా విప్పబడును. విశ్వవిద్యాలయము తనకిచ్చిన గౌరవ పట్టమును విడిచిపెట్టిరి. ఉత్తరములను నాశనము చేయించిరి. ఊరి వెలుపల అడవిదగ్గర గుడిసె వేసికొని, భార్య చనిపోయి సరిగా రెండేండ్లైన దినమున అందులో ప్రవేశించిరి. సమాధి యొకటి త్రవ్వించి దాని ప్రక్కన కూర్చుండి, తన దేహము మట్టియగుటను గూర్చి తలపోయుచుండిరి. ఆ దినములలో వ్రాసిన యొక ఉత్తరములో, దేవునియందలి నమ్మిక చెడలేదుగాని ఆయన సన్నిధి తనకు దొరకుట లేదని ఒప్పుకొనిరి.

ఆ సన్న్యాసము వంటి బ్రదుకును నేను మెచ్చుకొనుట లేదు. బ్రదికియున్నవాడు తన సమాధి దగ్గర కాపురముండవలెనని సువార్త కోరదు. అయితే ఆయన ఆ చోటికి పోయి వచ్చినవాడు. మనము ఆ చోటును పటములోనుండి చెరిపివేసి, అక్కడ పడియున్న వారికి "జడ్సను ఇక్కడికి ఎన్నడును రాలేదు" అని చెప్పుచున్నాము. విశ్వాసుల విశ్వాసము చెదరునేమో యని భయపడి చెరుపుదుమని మన సమాధానము. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము వ్రాసిన లూకాకు ఆ భయము లేదు. మిలేతులో పెద్దలు పౌలు మెడమీదపడి ఏడ్చుటను ఆయన దాచలేదు. వారిని అన్నిటికంటె ఎక్కువగా బాధించినది ఏ మాటయో అదియు వ్రాసియుంచెను.

ఇట్లు వ్రాయుచున్నందున ఆ పుస్తకములు దుఃఖముతోనే నిండియున్నవని తలంచకుడి. ఉత్తరములలో సంతోషము చాల ఉన్నది, గాని మనము చెప్పు సంతోషము వేరు. మనము లెక్క చెప్పుదుము: ఇందరు బాప్తిస్మము పొందిరి, ఇన్ని సంఘములు కట్టబడెను. ఉత్తరములలోని సంతోషము ఒక్కొక్క మనిషి ముఖమును చూచి కలిగినది. రంగూను చేరిన ఆరేండ్లకు, 1819లో, మన ఊరి చావడివంటి మండపమొకటి బాటప్రక్కన కట్టుకొని, దొరగారు వచ్చిపోవువారితో మాటలాడుచుండగా, మౌంగ్ నౌ అనువాడు వచ్చి ఊరకొని వినెను. మరునాడును వచ్చెను. దొరగారు మొదట నమ్మలేక, వీడు నిలుచునా యని రోజురోజుకు కనిపెట్టి వ్రాసికొనిరి. జూన్ 27న వానికి బాప్తిస్మమిచ్చిన చెరువు గట్టుమీద గౌతమ బుద్ధుని పెద్ద విగ్రహముండెనట. 1831లో రంగూను పండుగకు దూరప్రాంతములనుండి వచ్చినవారు, నీవు యేసుక్రీస్తు మనిషివా, ఆయనను గూర్చిన కాగితము మాకిమ్మని అడిగిరట. అడిగినవారికి మాత్రమే ఇచ్చినను సుమారు పదివేల కరపత్రములు చెల్లెను. అడవి గుడిసెలో సమాధి ప్రక్కన కూర్చున్న ఆ మనిషే ఇది వ్రాయుచున్నాడని యెరిగి చదివినప్పుడు నాకు కన్నులు చెమర్చినవి. గుడిసె తెలియనివారికి ఈ పండుగ సంతోషము సగమే అర్థమగును.

అయితే పెద్ద పుస్తకములకును ఒక లోపమున్నది. ఎడబాటును గూర్చి చెప్పునప్పుడు, ఎడబాటును కోరుకొనినవారి మాటయే వినిపించును. పెండ్లికి ముందు జడ్సన్ దొరగారు ఆన్ తండ్రికి వ్రాసిన ఉత్తరము ప్రసిద్ధమైనది. మీ కుమార్తెను ఈ లోకములో మరల చూడకపోవచ్చును, సముద్రపు అపాయమునకు, వ్యాధికి, మరణమునకు ఆమెను అప్పగించుటకు మీకు ఇష్టమా యని దాపరికము లేకుండ అడిగిరి. అందులోని నిజాయితీని నేను గౌరవింతును. పెండ్లిండ్లలో మనమాడు మాటలకంటె అది మేలు. కాని అడుగబడనివారి సంగతి యేమి? దొరగారి రెండవ భార్య సారా గారికి మొదటి భర్త వలన కలిగిన కుమారుడు జార్జి. ఆరేండ్ల వయస్సున వానిని ఓడ యెక్కించి చదువుకొరకు అమెరికాకు పంపిరి. తల్లి వానిని మరల చూడలేదు. 1845లో ఆమె జబ్బుపడి అమెరికాకు బయలుదేరినప్పుడు, ముగ్గురు చిన్నబిడ్డలను బర్మాలోనే విడిచిరి. వారిలో ఒకడు తల్లికంటె ముందే చనిపోయెను. సెప్టెంబరు 1న ఆమె సెయింట్ హెలీనా దీవి యొద్ద కన్నుమూసిరి. అట్లు విడువబడిన ముగ్గురిలో చంటివాడే ఎడ్వర్డు. అతడే 1883లో తండ్రి చరిత్ర వ్రాసెను. అతని పుస్తకము తెరచినప్పుడు, నాలుగు నెలల బిడ్డగా విడువబడినవాడు ఏమి చెప్పునోయని ఆశతో వెదకితిని. కుమారుని భక్తి అంతట నున్నది, ఫిర్యాదు ఎక్కడను లేదు. మంచిదే. అయినను నాకు ఆకలి తీరలేదు.

ఈ గ్రంథములన్నిటిలో నాకు మిక్కిలి విలువైనది ఆన్ దొరసానిగారు 1826లో తన మరిది ఎల్నాథాను గారికి వ్రాసిన దీర్ఘమైన ఉత్తరము. నోల్సు గారి పుస్తకములో అది యున్నది. భర్త 1824 జూన్ 8న చెరపట్టబడినది మొదలు జరిగినదంతయు అందులో చెప్పుదురు. అధికారుల గుమ్మములచుట్టు తిరుగుట, చెరసాలకు అన్నము మోయుట, ఆ మధ్యలో బిడ్డను కనుట. ఏ సంగతికిని రంగు పూయరు. దానిలో ఒకచోట, ఔంగ్బిన్లే అను పల్లెలో చెరసాల ఉన్నప్పుడు, ఆమె జబ్బుపడి పాలు ఎండిపోయెను. కావలివారికి కానుకలిచ్చి బ్రతిమాలగా, వారు జడ్సన్ దొరగారిని బయటికి విడిచిరి. ఆయన ఎముకలగూడైన మరియను చేతులలో పట్టుకొని ఇంటింటికి తిరిగి, చంటిబిడ్డల తల్లులను పాలు భిక్షమడిగిరి. ఆ తల్లులు ఇచ్చిరి. ఆమె దీనిని రెండు మూడు వాక్యములలో చెప్పి ముందుకు పోవుదురు. ఆమెకు చెప్పవలసినది ఇంకను చాల ఉండెను.

నేను అక్కడ పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. సువార్త నిచ్చుటకు పోయిన దొరగారు సువార్త వినని స్త్రీల గుమ్మములో బిడ్డతో నిలుచున్నారు. వారి పేర్లు ఎవరును వ్రాసికొనలేదు. మన ప్రసంగములలో ఎల్లప్పుడు దొరలు ఇచ్చువారు, మనము పుచ్చుకొనువారము. ఈ పుటను ఏ బోధకుడైనను చదివి వినిపించగా నేను వినలేదు. నేనును చదివి వినిపించలేదు.

ఆ సంవత్సరమే, వేసవిలో, మునుపటి పల్లెకు పోయితిని. ఆ తల్లి ఇంటి అరుగుమీద కూర్చుండి, "అమ్మా, ఆ దినమున నేను తప్పు చెప్పితిని. ఆయన ఏడ్చెను. చాల కాలము ఏడ్చెను" అంటిని. ఆమె వెంటనే ఏమియు అనలేదు. పిమ్మట, "నాకు అప్పుడే అనిపించింది అయ్యగారూ" అనెను. పాలిచ్చిన తల్లుల సంగతియు చెప్పితిని. ఎంతమంది ఇచ్చిరి, ఎన్ని దినములు ఇచ్చిరి అని ఆమె గ్రుచ్చి గ్రుచ్చి అడిగెను. పుస్తకములో అంతకంటె లేదంటిని.

ఆ ఉత్తరము తెలుగులో అచ్చయినట్లు నేను ఎక్కడను చూడలేదు. పాత గ్రంథములు గనుక ఇంగ్లీషు ప్రతులు ఇప్పుడు ఫోనులో కూడ వెల లేకుండ దొరకునని మా కుమారుడు చూపించెను. మీ ఊరిలో ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయురాలు ఉన్నయెడల, స్త్రీల కూటములో ఆమెచేత కొంచెము కొంచెముగా తెలుగున చెప్పించుడి. దీర్ఘమైన ఉత్తరము గనుక రెండు మూడు రాత్రులు పట్టును. నాట్లు అయిన తరువాత పెట్టుకొనుడి.