క్రియాఫలము – పోతన శ్రీనాథులు

పాఠశాలలలోఁ బోతన శ్రీనాథులఁ గూర్చి చెప్పునపుడు, ఒకఁడు రాజసంపదను దిరస్కరించి ధన్యుఁడయ్యెననియు, వేఱొకఁడు దానిని గోరి కడపటఁ జెడెననియుఁ దీర్పు చెప్పి ముగించుట పరిపాటి యైనది. వారు బావమఱఁదులనుటయుఁ, బల్లకి కథయుఁ గర్ణపరంపరాగతములే కాని ప్రమాణములు గావు. వానిని నే నిటఁ జర్చింపను. తీర్పునకుఁ గొలత యెవరిది యనునదే నా ప్రశ్న. ఇటీవల నా శిష్యుఁ డొకఁడు, ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పి మీరు సాధించిన దేమి యని వినయముతోనే యడిగెను. అప్పటికి సమాధానము తోఁపలేదు. పిదపఁ దోఁచినది వ్యాకరణముననే దొరకినది.

పాణిని మొదటి యధ్యాయము మూఁడవ పాదమున 72వ సూత్రముచే, స్వరితేత్తులును ఞిత్తులును అగు ధాతువులకుఁ గ్రియాఫలము కర్తను జెందునపు డాత్మనేపదమును విధించెను. యజమానుఁడు యాగము చేసిన 'యజతే' యందుము. ఋత్విక్కులు చేసిన 'యజంతి' యందుము. ఋత్విక్కులకు దక్షిణ ముట్టును గదా, అది ఫలము గాదా యని శంక. దీనికిఁ గాశికాకారులు చెప్పిన సమాధానము మిక్కిలి సూక్ష్మమైనది. దక్షిణయుఁ గూలియుఁ గర్తకుఁ జెందు ఫలములే యైనను, క్రియ యారంభింపఁబడినది వానికొఱకుఁ గాదు. ఏ ప్రయోజనము నుద్దేశించి క్రియ ప్రవర్తించునో యదియే క్రియాఫలము. తక్కినది దారిలో దొరకినది. (మహాకవులు సైత మీ నియమమును బలుతావులఁ బాటింపరు, అది వేఱుమాట.) తెలుఁగున నాత్మనేపదము లేకున్నను 'కొను' ఉన్నది. వంటవాఁడు వండును, గృహస్థుఁడు వండుకొనును. జీత మెంత యిచ్చినను, యజమానుని యింట వంటవాఁడు వండుకొనెనని యెవరును అనరు.

ఈ దృష్టితో భాగవతావతారికను జూతము. కావ్యమును రాజుల కిచ్చి యూళ్లును వాహనములును గొననన్న పద్యమునే మనము పిల్లలచే వల్లింపఁజేయుదుము. అది నిషేధము మాత్రమే. విధి వేఱొక పద్యమున నున్నది. నన్నయ తిక్కనాదులు పురాణములఁ దెనిఁగించుచు భాగవతమును విడుచుట తన పూర్వపుణ్యమనియు, దానిని దెనిఁగించి పునర్జన్మము లేకుండునట్లు తన జన్మమును సఫలము చేయుదుననియు నతఁ డచటఁ జెప్పెను. 'సఫల' శబ్దమును గవియే వాడెను. ఇందు భక్తుని ముక్తికాంక్షతోఁ గూడ, పెద్ద లంటని గ్రంథము తనకు మిగిలినదన్న కవి సంబరమును గలదు; మన వ్యాఖ్యాతలు రెండవదానిని జాఱవిడుతురు. పోతన కృతములుగాఁ గొన్ని భాగములు మనకు దక్కలేదు. పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు రచించిరి. లోకపు లెక్కలో నిది కొఱఁత. కవి పెట్టుకొన్న లెక్కలోఁ గాదని నా తలంపు. తెనిఁగించుటయే యతని క్రియ. ప్రతుల రక్షణము దాని ఫలము గాదు.

శ్రీనాథునికే యన్యాయము జరిగినది. కనకాభిషేకముతో నతని నెత్తి, బొడ్డుపల్లి పొలము కృష్ణ పాలయి పన్ను కట్టలేక పడిన పాట్ల చాటువుతోఁ బడవేయుదుము. రెండును దక్షిణకు సంబంధించినవే. తన బ్రదుకును దానే కొలిచికొన్న తావు కాశీఖండావతారిక. 15వ శతాబ్ది పూర్వార్ధమున వీరభద్రారెడ్డి కంకితమైన యా గ్రంథమున నతఁడు బాల్యమున మరుత్తరాట్చరిత్రము, నూత్నయౌవనమున శాలివాహన సప్తశతి, నిండు జవ్వనమున నైషధము, ప్రౌఢవయస్సున భీమఖండము, ఇప్పుడు కాశీఖండమని యేండ్లను గ్రంథములతో లెక్కించెను. ఏ సభలో నెంత గొనెనో యా లెక్కలో లేదు. వయస్సు వాలకమునుపే మఱియొక మహాగ్రంథమును దెనిఁగింపవలయునన్న తొందర మాత్రము గలదు. మొదటి రెండును నేఁడు మనకు దొరకవు.

ఐన నా పద్యము తుదిని గర్ణాటరాజధాని యను పద్మవనమునకు సూర్యుఁడనని చెప్పికొన్నాఁడు గదా యని యాక్షేపింతురు. ఒప్పుకొందును, సభాగౌరవమునం దతనికిఁ బ్రీతి గలదు, దాని నతఁడు దాఁపలేదు. కాని యది విశేషణముగాఁ గర్తతోఁ జేరినదే కాని కర్మస్థానమున లేదు. ఆ పద్యమునఁ గర్మము లన్నియు గ్రంథములే. భీమేశ్వర మహిమ యన్నచోటను గ్రంథమే వివక్షితము.

శిష్యునకు నేనింకను బ్రత్యుత్తరము వ్రాయలేదు. నా వాక్యమునఁ గర్మస్థానమున నేమేమి నిలుచునో చూచికొనుచున్నాఁడను.